చెప్పులు విప్పి సడక్ దాటే మనిషి

వ్యయ నామ సంవత్సరం, శ్రావణ శుద్ధ పంచమి

ఈరోజు కూడా చెప్పులు విప్పాడు.

కళ్ళారా చూశాను. కలుపు తీయడానికి చేనికి పోతున్నాం. ముందు ఆయన, వెనక నేను. ఇబ్రహీంపట్నం దాటగానే హైదరాబాదు సడక్ అడ్డం వస్తుంది. అక్కడిదాకా గబగబా నడిచిన మనిషి సడక్ అంచున టక్కున ఆగిపోయాడు. చెప్పులు విప్పి చేత పట్టుకున్నాడు. గుళ్ళో అడుగు పెట్టినట్టు మెల్లగా దాటాడు. అవతలికి పోయాక మళ్ళీ తొడుక్కున్నాడు.

"ఏందయ్యా గిది?" అన్నాను.

"కంకర గుచ్చుకుంటది."

"గుచ్చుకుంటే చెప్పులు తొడుక్కుంటరు. విప్పుతరా ఎవరన్న?"

"నడువు, పొద్దెక్కింది."

అయిదేళ్ళు పరాయి దేశంలో కంకర కొట్టి వచ్చిన కాళ్ళకు కంకర గుచ్చుకుంటుందట! చెవిలో పువ్వు పెట్టడానికి నేనే దొరికాను.

ఎవరితో చెప్పుకోవాలి? అమ్మతో అంటే అల్లుణ్ణి వెనకేసుకొస్తుంది. పక్కింటి రుక్కమ్మతో అంటే ఊరంతా డప్పు వేయించినట్టే. అందుకే ఆయన తెచ్చిన కాయితాల పుస్తకంలో రాసుకుంటున్నాను. మా నాయన బాగోతంలో వేషాలు కట్టేవాడు. పాటలు నోటికి రావడానికి నన్ను కూర్చోబెట్టి చదివించుకునేవాడు. ఆ అక్షరాలు ఇవాళ ఇట్లా అక్కరకొచ్చాయి. ఆయనకు చదువు రాదు. రాకపోవడమే మంచిదయింది. నోటితో ఎన్నడూ పలకని పేరు కూడా ఇక్కడ రాసుకోవచ్చు. బాలనర్సింహ. రాశాను. ఏమీ కాలేదు.

నాకు అనుమానమేమీ లేదు. ఏం జరుగుతోందో తెలుసుకుందామని, అంతే.

శ్రావణ శుద్ధ షష్ఠి

సడక్ దాటే పని పడలేదు.

శ్రావణ శుద్ధ ద్వాదశి

నిన్న పొద్దుగూకే వేళ చాంద్ పాషా వచ్చాడు. రంజాన్ రోజా విప్పి నేరుగా మా అరుగు మీదికే వచ్చాడు. ఇప్పుడు టాంగా తోలుతున్నాడు గానీ, లడాయి మొదలయ్యాక ఆయనతో, మా తమ్ముడు ముత్యాలుతో కలిసి గుత్తేదారు వెంట ఓడ ఎక్కినవాడే. ముగ్గురు పోయారు. ఉగాది ముందు ఇద్దరు వచ్చారు. ముత్యాలు అక్కడే లారీ తోలడం నేర్చుకున్నాడట. ఆ సడక్ మీదే బండి నడుపుతున్నాడట. బాగా సంపాదించుకుని వస్తాడట.

ఆ సడక్ ముచ్చటంటే మా వాడకట్టుకు తినే అన్నం కూడా మరుపే. పైన మిసర్ దేశంలో మొదలవుతుందట, కింద ఆఫ్రికా నేల అయిపోయి సముద్రం వచ్చేదాకా పోవాలట. మధ్యలో ఎన్ని దేశాలో! ఒక రాజ్యంలో పొయ్యి రాజేస్తే ఇంకో రాజ్యంలో అన్నం దించుకోవచ్చని చాంద్ పాషా అంటాడు. కొన్ని చోట్ల ఇంకా కలవలేదట. బురద వస్తుంది, ఎడారి వస్తుంది, అక్కడ సడక్ ఆగిపోతుంది. కలపడానికే వీళ్ళను తీసుకుపోయారట.

"ఒక్క సడక్ గిన్ని దేశాలు ఎట్ల తిరుగుతదిరా?" అంది రుక్కమ్మ. "అబద్ధమాడినా అతికినట్టుండాలె."

"అబద్ధం కాదక్కా. నేను దిమ్మిస పట్టి కూరిన సడక్" అన్నాడు ఆయన.

అమ్మ మాత్రం నమ్ముతుంది. ఆ సడక్ ఎంత పొడుగుంటే ఆమెకు అంత సంతోషం. "గంత పొడుగు సడక్ ఆయె. పోరడు ఆ చివరికి పోయి రావద్దా? టైం పడ్తది" అంటుంది. రోజూ అడుగుతుంది, ఇప్పుడు ముత్యాలు ఎక్కడిదాకా వచ్చి ఉంటాడని. నిన్న కూడా అడిగింది.

"నైరోబీ కాడ" అన్నాడు ఆయన.

"సూడాన్ల" అన్నాడు చాంద్ పాషా.

ఇద్దరూ ఒక్కసారే అన్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చాంద్ పాషా నవ్వి, "నైరోబీ నుంచి సూడాన్‌కు వస్తుంటడు అవ్వా, అదే సడక్" అన్నాడు. అమ్మ తృప్తిగా తలూపింది. నేను తలూపలేదు.

నాకు ఇప్పుడు తెలిసిపోయింది. ముత్యాలు అక్కడ లారీ కోసం ఆగలేదు. ఆయన ఇంటిని కాపలా కాయడానికి ఆగాడు. ఆయనకు అక్కడ ఒక పెండ్లాం ఉంది. పిల్లలు కూడా ఉండొచ్చు. సడక్ మీద చెప్పులు విప్పడం ఆమె నేర్పిన ఆచారమే అయ్యుంటుంది. లేకపోతే వచ్చిన కాణ్ణుంచి నా మొహం సూటిగా ఎందుకు చూడడు? అన్నం వడ్డించేటప్పుడు ఒకసారి చూస్తాడు, వెంటనే తల తిప్పుకుంటాడు. ముత్యాలుదీ నాదీ ఒకే పోలిక, అక్క మొహాన్ని అచ్చుగుద్దినట్టు దించాడని చిన్నప్పుడు అందరూ అనేవాళ్ళు. ఈ మొహాన్ని కోరి చేసుకున్నాడు కదా ఆనాడు! ఇప్పుడు చేదయింది.

శ్రావణ పున్నమి

దారం దొరికింది.

ఇంటి చూరులో, ఆయన తువ్వాల వెనక దోపి ఉంది. పసుపు పూసిన పొడుగు దారం. రెండు చివర్లా రెండు ముళ్ళు. మనిషి ఎత్తు కొలిచే దారం. ఇది ఎవరి ఎత్తో తెలియాలి కదా. కాలి బొటనవేలి కింద ఒక కొన తొక్కిపట్టి, రెండో కొన పైకి లాగి చూసుకున్నాను. నాకంటే జానెడు ఎక్కువే వచ్చింది. కొప్పు గట్టిగా ముడివేసి, కొంచెం మునివేళ్ళ మీద లేచి చూశాను. అప్పుడు సరిపోయింది.

నా ఎత్తే.

శ్రావణ బహుళ విదియ

నేను ఎవరికీ చెప్పలేదు. రుక్కమ్మకు తప్ప. అది కూడా నీళ్ళ కాడ ఆమె తవ్వితవ్వి అడిగితే చెప్పాను.

దారం మాట వినగానే రుక్కమ్మ బిందె కింద పెట్టేసింది. "ఓ యమ్మో! బాణామతినే మాణిక్యా. మనిషి ఎత్తు దారం తీసి, బొమ్మ చేసి, దానికి కట్టి సూదులు గుచ్చుతరు. ఆఫ్రికాల గదే నేర్చుకుంటరంట. కొత్తదాని కోసం పాతదాన్ని వదిలించుకుంటుండు."

"ఛీ, నోరు ముయ్యి" అన్నాను.

అన్నాను గానీ, ఇంటికొచ్చి ఆయన తిన్న కంచం విడిగా కడిగాను. నా అన్నం నేనే వేరే వండుకున్నాను. ఆయన చూశాడు, ఏమీ అనలేదు. తప్పు లేనివాడైతే అడగడా, ఇదేం వేషమని?

భాద్రపద శుద్ధ తదియ

రంజాన్ పండుగ. చాంద్ పాషా తల్లి జైతున్ బీ సేమ్యా పాయసం పంపడం కాదు, తనే మోసుకొచ్చింది. అమ్మ చేతికి గిన్నె ఇచ్చి, ఉన్నట్టుండి అమ్మను వాటేసుకుని ఏడ్చింది.

"పండుగ పూట ఏడుపేందే జైతూ?" అంది అమ్మ.

"ఏం లేదు నాగులమ్మా. నా కొడుకు ఇంట్ల ఉన్నడు. నీ కొడుకు లేకపాయె. గందుకే."

అమ్మ నవ్వేసింది. వస్తాడు లేవే, లారీ తోలుకుంటనే వస్తాడు, నిన్నూ నన్నూ ఎక్కించుకుని పట్నం తిప్పుతాడు అంది. జైతున్ బీ మొహం కప్పుకుని వెళ్ళిపోయింది. ఈ ఆరునెలల్లో లేని ప్రేమ ఇవాళ ఎందుకు పొంగిందో! నా సంసారం కూలుతోందని ఆమెకూ తెలుసన్నమాట. అందరికీ తెలుసు. అమ్మకూ నాకే తెలియదు.

పాయసం నేను తినలేదు.

భాద్రపద శుద్ధ దశమి

రుక్కమ్మ బర్రె పాలు ఇవ్వడం మానేసింది. ఆమె కోడలికి జ్వరం. కింది వాడలో ఇంకో ఇద్దరికి జ్వరం. వానాకాలం జ్వరాలు ఏటా వచ్చేవే అని నేనే అన్నాను. ఎవరు వింటారు? ఆయన సడక్ దాటేటప్పుడు చెప్పులు విప్పుతాడని, అంచున వంగి చేత్తో నేలను తాకుతాడని, ఒకసారి చెంబుతో నీళ్ళు కూడా పోశాడని ఊరంతా చెప్పుకుంటోంది. నీళ్ళ సంగతి నేను చెప్పలేదు. అది వాళ్ళే చూశారు.

కొంగరకలాన్ నుంచి లింగస్వామిని పిలిపిస్తున్నారట. బాణామతి కట్టు విప్పడంలో పేరున్నవాడు. ఎట్లా విప్పుతాడని రుక్కమ్మను అడిగాను.

"ఎట్లంటే? చేసినోని ముందటి పండ్లు పీకుతరు. పండ్లు లేకపోతే మంత్రం సరిగ పలుకది. ఇగ ఏం జెయ్యలేడు."

"నిజంగ పీకుతరా?"

"భయపెడ్తరు. ఒప్పుకుంటే ఇడిచిపెడ్తరు. నీ పెనిమిటి ఒప్పుకోడా ఏంది?"

భయపెడితే మంచిదే. భయపడైనా ఆ ఆడదాని పేరు చెప్తాడు.

భాద్రపద బహుళ చవితి

అడుగుదామని ఎదురుగా కూర్చున్నాను. ఆయన నోట్లో వేపపుల్ల ఉంది. ఈయన పళ్ళు మొదటినుంచీ చక్కనివి. పెళ్ళిచూపులప్పుడు నవ్వితే మా అమ్మ ఆ నవ్వు చూసే ఒప్పుకుంది.

"ఏమే, గట్ల చూస్తున్నవ్?" అన్నాడు.

"ఏం లేదు" అన్నాను.

భాద్రపద బహుళ త్రయోదశి

ఇక అనుమానం లేదు. నా కళ్ళతో చూశాను.

మధ్యాహ్నం చేనికని చెప్పి పోయాడు. చేనికి పోలేదు. వెనకాలే నడిచాను. సడక్ దాటి, తంగేడు పొదల అవతల బండరాళ్ళ దగ్గరికి పోయాడు. అక్కడ చాంద్ పాషా ముందే వచ్చి ఉన్నాడు. ఒక రాయి చాటున కూలబడి చూశాను. జొన్నకట్టెలు, పచ్చి మోదుగాకులు. ఇద్దరూ కలిసి మనిషిని చేస్తున్నారు. కాళ్ళు, చేతులు, తల. ఆయన నడుము దగ్గరి నుంచి ఆ పసుపు దారం తీసి, బొమ్మ పక్కన పరిచి, తల దగ్గర ఇంకో రెండు ఆకులు పేర్చి ఎత్తు సరిచేశాడు.

చాంద్ పాషా కళ్ళు తుడుచుకున్నాడు. పొగ లేదు, మంట లేదు, కళ్ళెందుకు తుడుచుకున్నాడో!

మోదుగాకు బొమ్మ అంటే మా చిన్నప్పుడు ఒకసారి విన్నాను. నాయన తమ్ముడు కాశీకి పోయి మళ్ళీ రాకపోతే ఏళ్ళ తర్వాత ఏదో బొమ్మ చేసి ఏదో చేశారు. అది వేరే సంగతి. దానికీ దీనికీ సంబంధం లేదు. దీని గురించి ఆలోచించను.

ఆయన "అమాసనాడు" అన్నాడు. అది మాత్రం వినబడింది. ఎల్లుండి పెత్రమాస.

రుక్కమ్మకు చోటు చెప్పాను. నేను చెప్పింది ఆ ఒక్క మాటే.

పెత్రమాస, పొద్దున

లింగస్వామి నిన్ననే దిగాడట. ఊరి మగవాళ్ళు బండరాళ్ళ దగ్గర కాపు వేస్తారట. ఉత్తగా బెదిరించి తీసుకొస్తామన్నారు. పళ్ళ సంగతి ఎవరూ అనలేదు. అన్నా నేను వినలేదు.

ఆయన తలస్నానం చేసి, ఉతికిన ధోతి కట్టుకుని వెళ్ళాడు. వెళ్ళేముందు అమ్మ దగ్గర ఆగాడు.

"అత్తా, ముత్యాలుకు ఏం కూర ఇష్టముండె?"

"చింతచిగురు పప్పు. ఇంత నూనె పోసుకుని తినేటోడు పోరడు. ఎందుకు బిడ్డా?"

"ఊకెనే."

ఇంట్లో తంగేడు పూలు తెచ్చి పెట్టి ఉన్నాయి. సాయంత్రం బతుకమ్మ పేర్చాలి. నాకు పూలు ముట్టబుద్ధి కావడం లేదు.

ఆశ్వయుజ శుద్ధ చవితి

రాయలేకపోయాను. నాలుగు రోజులు పుస్తకమే తెరవలేదు. కానీ రాస్తాను. ఎవరూ చదవరు కదా, నాకైనా నిజం రాసుకోవాలి.

ఆరోజు పొద్దు నెత్తి మీదికి వచ్చేసరికి చాంద్ పాషా మా వాకిట్లోకి వచ్చి పడ్డాడు. చొక్కా చినిగి ఉంది. పెదవి పగిలి ఉంది.

"చెల్లే, ఉరుకు. చావడి కాడికి పట్టుకపోయిండ్రు. పండ్లు పీకుతున్నరు. వాడు నోరిప్పుతలేడు. నేను చెప్పబోతే కొట్టి ఎల్లగొట్టిండ్రు."

"ఏం చెప్పబోతివి?"

చాంద్ పాషా నా మొహంలోకి చూసి, మా ఆయన ఎప్పుడూ తిప్పుకున్నట్టు తల తిప్పుకున్నాడు.

"ముత్యాలు లేడు చెల్లే. రెండేండ్లాయె. జరమొచ్చి పోయిండు. ఆడ కాల్చుదమంటె కట్టె లేదు, ఒక్క చెట్టు లేదు. యాడ జూసినా నల్లరాళ్ళే. పాతిపెట్టిన పీనుగుల్ని దుమ్ములగొండ్లు తవ్వుకపోతుండె, మా కండ్లముందట. గందుకే మేం వేస్తున్న సడక్ కిందనే పెట్టినం. మీద కంకర పోసినం. దాని మీద ఏదీ తవ్వలేదు. వాని మీదికెల్లి లారీలు పోతయి. గందుకే నీ పెనిమిటి సడక్ మీద చెప్పు మోపడు."

"మరి ఆ దారం?" అన్నాను.

"గుంత తవ్వనీకి వాని ఎత్తు తీసిన దారమే అది. దాస్కున్నడు. అవ్వకు చెప్తె పానం పోతదని నా చేత ఖురాన్ మీద ఒట్టేయించిండు. ఇయ్యాల పెత్రమాస గద, పోయినోళ్ళకు పెట్టే దినం. బొమ్మను కాల్చి వానికి ఇంత బువ్వ పెడుదమనుకున్నం. గంతే చెల్లే. గంతే."

ఎట్లా ఉరికానో నాకు తెలియదు. చావడి ముందు జాతర జనం. పూల గంపలతో ఆడవాళ్ళు కూడా నిలబడి చూస్తున్నారు. మధ్యలో ఆయన్ను కూర్చోబెట్టి ఇద్దరు భుజాలు తొక్కిపట్టారు. కమ్మరి పటకారు లింగస్వామి చేతిలో ఉంది. అప్పటికే పైపళ్ళు రెండు లేవు. గడ్డం మీది నుంచి రొమ్ముదాకా నెత్తురు.

నాకంటే ముందే ఉరికొచ్చిన అమ్మ వాళ్ళ కాళ్ళ మీద పడి ఉంది. "నా అల్లుణ్ణి ఇడవుండ్రి నాయనా. మీ కాళ్ళు మొక్కుత. వాడు చీమకు సుత హాని చెయ్యడు. నా కొడుకు యాడున్నడో వానికొక్కనికే ఎరుక. వాణ్ణి ఏం జెయ్యకుండ్రి."

"బొమ్మ ఎవరి మీద చేసినవ్? చెప్పు" అంటున్నాడు లింగస్వామి. ఆయన నోరు విప్పలేదు. నన్ను చూశాడు. ఈసారి తల తిప్పుకోలేదు. నేను వచ్చిన తీరు చూసి, నాకు తెలిసిపోయిందని ఆయనకు అర్థమైంది. తల అడ్డంగా ఊపాడు. చెప్పొద్దని.

పటకారు మళ్ళీ నోటి దగ్గరికి పోయింది.

అరిచాను. "నా మీద కాదు! ఎవరి మీద కాదు! నా తమ్ముని కోసం చేసిండు. నా తమ్ముడు సచ్చిపోయిండు. ఆ దేశంల సచ్చిపోయిండు. అది శవం బొమ్మ."

భుజాలు పట్టుకున్నవాళ్ళ చేతులు వదులయ్యాయి. రుక్కమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అయిపోయింది, ఇక వదిలేస్తారు అనుకున్నాను.

అమ్మ లేచి నిలబడింది. నన్ను చూసింది. ఆయన్ను చూసింది.

"అబద్ధం" అంది.

"అమ్మా..."

"నా కొడుకు లారీ తోల్తుండు. నైరోబీ కాడ ఉన్నడు. వీడే చెప్పిండు. ఆర్నెల్ల సంది రోజూ చెప్పిండు. గప్పుడు బతికినోడు గిప్పుడెట్ల సస్తడు? పండ్లు కాపాడుకోనీకి నా కొడుకును సంపుతుండు." చెయ్యి ఎత్తి చూపించింది. "బాణామతే. పీకుండ్రి. అన్నీ పీకుండ్రి."

"తల్లే చెప్పినంక ఇంకేంది?" అన్నాడు లింగస్వామి.

నేను అడ్డం పడ్డాను. నలుగురు ఆడవాళ్ళు నన్ను పట్టుకున్నారు. పైవీ కిందివీ ముందరి పళ్ళన్నీ పీకారు.

ఆశ్వయుజ శుద్ధ షష్ఠి

ఉప్పునీళ్ళు. గంజి. లవంగం నూనె.

ఆశ్వయుజ శుద్ధ సప్తమి

అమ్మ రుక్కమ్మ ఇంట్లో ఉంటోంది. పొద్దున లేస్తే సడక్ దగ్గరికి పోయి కూర్చుంటుంది. పట్నం బస్సు వచ్చినప్పుడల్లా లేచి నిలబడుతుందట.

ఊళ్ళో జ్వరాలు తగ్గాయి. చూశావా మరి అంటున్నారు. వానలు తగ్గాయి కదా అని ఒక్కరూ అనడం లేదు.

ఆశ్వయుజ పున్నమి

ఒక పాడు మాట రాయాలి. నిన్నటినుంచి బుర్రలో తిరుగుతోంది.

ముత్యాలు పోయినప్పుడు చూసింది ఇద్దరే. ఈయన, చాంద్ పాషా. ఇద్దరూ ఒకే మాట మీద ఉంటారు కదా. ఆరోజు అరుగు మీద ముత్యాలు ఎక్కడున్నాడంటే ఇద్దరూ రెండు చోట్ల పేర్లు చెప్పారు కదా. నిజంగా జ్వరమేనా? నిజంగా చనిపోయాడా? అమ్మ చెప్పినట్టే ఎందుకు కాకూడదు?

సిగ్గు లేదు నాకు. గంజి తాగలేక ఆ మనిషి గోడకు తిరిగి పడుకుని ఉన్నాడు, నేను పక్కన కూర్చుని ఇట్లాంటివి ఆలోచిస్తున్నాను. తమ్ముడు బతికి ఉండాలంటే మొగుడు హంతకుడో అబద్ధాలకోరో కావాలి. అమ్మ ఆరోజు చావడి ముందు ఒక్క క్షణంలో ఎంచుకుంది. నేను రోజుకొకసారి ఎంచుకుంటున్నాను.

అడగాలి. ఆయన్నే అడగాలి. ఇన్నాళ్ళూ సూదులు, బొమ్మలు, ఆడవాళ్ళు, అన్నీ ఊహించుకున్నాను గానీ ఒక్కటి అడగలేదు.

ఆశ్వయుజ బహుళ పంచమి

అడిగాను.

మధ్యాహ్నం తలుపు చేరవేసి, ఆయన ఎదురుగా కూర్చుని, "నా తమ్ముని సంగతి చెప్పు" అన్నాను. "నాకెందుకు చెప్పలే?" అని కూడా అన్నాను.

చెప్పడం మొదలుపెట్టాడు. కానీ ఏం తెలుస్తుంది? పళ్ళు లేని నోట్లోంచి గాలే ఎక్కువ వస్తోంది. మాట వంకర పోతోంది. చిగుళ్ళు ఇంకా మానలేదు. మూడు మాటలకొకసారి ఆగి చొంగ తుడుచుకుంటున్నాడు.

"ఏందయ్యా? మళ్ళ చెప్పు" అన్నాను.

మళ్ళీ చెప్పాడు. నేను అర్థమైనంత పైకి అని చూశాను. అవునంటే తల నిలువుగా, కాదంటే అడ్డంగా ఊపాడు. ఇట్లా ఒక్కొక్క మాటే కూడబలుక్కుంటూ ఉండగా అరుగు మీద చప్పుడైంది. తలుపు సందులోంచి చూస్తే అమ్మ. తన చీరమూట కోసం వచ్చినట్టుంది. మూట తీసుకోలేదు, కూర్చుంది. వీపు మాకు పెట్టి, సడక్ దిక్కే చూస్తోంది.

ఆయనకు తెలియదు ఆమె ఉన్నట్టు. చెప్తూనే ఉన్నాడు.

"ఏమంటుండు?" అంది అమ్మ, తల తిప్పకుండా.

నేను ఆయన దిక్కు తిరిగాను.

"ఏమంటుండో చెప్పు. నాకు తెలుస్తలేదు."

"జరమొచ్చిందంట అమ్మా" అన్నాను. "ఒంటి మీద చెయ్యి పెడితె కాలుతుండెనంట."

ఆయన ఆగిపోయాడు. వాకిలి వైపు చూశాడు. నేను చెయ్యి పట్టుకుని, చెప్పమన్నాను. చెప్పాడు. నేను రెండేసి సార్లు, మూడేసి సార్లు అడిగి, అర్థమైన దాన్ని అరుగు మీదికి అందించాను. ఆ మాటలన్నీ నా నోటితోనే అనవలసి వచ్చింది. నీళ్ళు అడిగిండంట అమ్మా. తాగిచ్చిండ్రంట. మళ్ళ లేవలేదంట. కట్టెల కోసం పొద్దంత తిరిగిండ్రంట, దొరకలేదంట. మనం వేసే సడక్ ఉన్నది గదా అని ఈయనే అన్నడంట. చాంద్ పాషా, ఈయన ఇద్దరే తవ్విండ్రంట. మెత్తటి మన్ను ఏరుకొచ్చి వాని మీద వేసి, గప్పుడు కంకర పోసిండ్రంట. దిమ్మిస పట్టుకుని ఈయనే కూరిండంట.

అమ్మ వీపు కదలలేదు. సడక్ మీద బస్సు పోయిన చప్పుడు వచ్చింది. ఆమె లేవలేదు.

"గట్టిగనే కూరిండా, అడుగు" అంది.

అడిగాను. ఆయన తల ఊపాడు.

"గట్టిగనే కూరిండంట."

"తల ఏ దిక్కు పెట్టిండ్రు?"

అదీ అడిగాను. ఆయన చెప్పింది తెలియలేదు. మళ్ళీ అడిగాను. చెయ్యెత్తి చూపించాడు.

"దక్షిణం దిక్కు అమ్మా."

అప్పుడు ఏడ్చింది అమ్మ. కొడుకును పేరు పెట్టి పిలిచి, రొమ్ము బాదుకుని, వాడకట్టంతా వినేటట్టు ఏడ్చింది. ఆయన గోడ పట్టుకుని లేచి, బయటికి పోయి ఆమె పక్కన కూర్చున్నాడు.